ఘన్‌పూర్ స్టేషన్ తోవలో ఒక గ్లాసు చాయ్

కిందటి నెల ఒక పెండ్లికని స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లాను. తిరుగు బండికి ఇంకా గంటన్నర వ్యవధి ఉన్నది. బడిలో నాతోపాటు చదువుకున్న మిత్రుడొకడు "పా, చాయ్ తాగుదాం" అని స్టేషన్ తోవలోని చిన్న హోటలుకు తీసుకుపోయాడు. తెలంగాణలో చాయ్ దొరికే చోటు ఎంత చిన్నదైనా హోటలే. రేకుల కప్పు, రెండు బెంచీలు, గాజు సీసాల్లో బిస్కట్లు. పిల్లల చదువులు, వడ్ల ధర, మోకాళ్ల నొప్పులు, చనిపోయిన మాస్టర్లు, ఇట్లా మాటలు సాగుతున్నాయి. హోటలాయన కాగితపు కప్పుల్లో చాయ్ పోయబోతుంటే మిత్రుడు వారించి, "అన్నా, నాకు గాజు గ్లాసుల పొయ్యి" అన్నాడు. ఎందుకని నేను అడుగలేదు. కొంతసేపటికి అతడే చెప్పాడు. ఆ మాట చివర చెబుతాను. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం ఆ గ్లాసు, అందులోని చాయ్, పక్కనున్న బిస్కట్ మన ఊళ్లకు ఏ దారిన వచ్చాయో తెలుసుకోవాలనిపించింది.

ముందు ఊరి పేరు సంగతి. ఓరుగల్లు ప్రాంతంలో ఘన్‌పూర్‌లు రెండు. ఒకటి ములుగు వైపున, కాకతీయుల నాటి కోటగుళ్లున్న ఘనపురం. రెండవది జనగామకు, కాజీపేటకు నడుమ రైలు ఆగే ఈ ఊరు. తికమక లేకుండా ఉండేందుకు దీనికి 'స్టేషన్' అన్న ఇంగ్లీషు మాటే ఇంటిపేరుగా నిలిచింది. 2016లో వరంగల్ జిల్లా నుంచి విడిపోయి జనగామ జిల్లాలో చేరినా ఆ ఇంటిపేరు మారలేదు. నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు వచ్చింది. 1886 నాటికి ఆ పట్టాలు వరంగల్లుకు, 1889 నాటికి బెజవాడకు చేరాయి. అంటే ఈ ఊరికి పేరునిచ్చిన రైలే ఈ నేలను సముద్రతీరపు తెలుగు నేలతో కలిపింది.

చాయ్ చరిత్రలో ఆ కలయికకు ఒక చిత్రమైన సాక్ష్యం ఉన్నది. చైనాలో ఈ ఆకును ఎక్కువ ప్రాంతాల్లో 'చా' అంటారు. ఆ మాట నేలదారిన మధ్య ఆసియాకు, పారసీకానికి పోయి 'చాయ్' అయింది. దక్షిణ చైనాలోని ఫూజియన్ తీరపు పలుకుబడిలో అదే ఆకు 'తే'. డచ్చి వర్తకులు ఓడల మీద తీసుకుపోయిన ఆ మాట ఐరోపాలో 'టీ' అయింది. తెలుగువారికి రెండూ ముట్టాయి. పారసీ, ఆ తర్వాత ఉర్దూ రాజభాషలైన నిజాం రాజ్యంలో 'చాయ్' నిలిచింది. ఇంగ్లీషు ఏలుబడిలోని సర్కారు జిల్లాల్లో 'టీ' నిలిచింది. పుస్తకాల్లోని తేయాకు, తేనీరు కూడా ఆ సముద్రపు 'తే' సంతానమే. ఒకే భాషలో నేలదారి మాట, నీటిదారి మాట పక్కపక్కన బతుకుతున్నాయి. కాజీపేటలో 'చాయ్' అడిగిన మనిషి బెజవాడలో దిగి 'టీ' తాగుతాడు.

అయితే 1889లో రైలు కూసినప్పుడు మన పల్లెలు చాయ్ తాగుతూ లేవు. ఇంటికి వచ్చినవారికి మంచినీళ్లు, మజ్జిగ, పొలం పనిలో అంబలి, పొద్దువాలితే ఈతకల్లో తాటికల్లో. చైనా వ్యాపారం మీద ఈస్టిండియా కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం 1833లో పోయిన తర్వాత అస్సాంలో తేయాకు తోటలకు ఊపు వచ్చింది. 1838లో అస్సాం తేయాకు లండనుకు బయలుదేరింది. చాలాకాలం ఆ పంట అంతా ఎగుమతి కోసమే. తోటలో ఆకు కోసే కూలీకి గాని, దాన్ని మోసే రైలు కూలీకి గాని అది తమ పానీయమన్న ఊహే లేదు.

మనకు దాన్ని అలవాటు చేసింది రుచి కాదు, మిగులు సరుకు. 1903లో తేయాకు ఎగుమతుల మీద ఒక సుంకం విధించి, ఆ డబ్బును ప్రచారానికి కేటాయించారు. 1930ల ఆర్థికమాంద్యంలో ధరలు పడిపోయాయి. 1933 అంతర్జాతీయ ఒప్పందం ఎగుమతులకు హద్దు పెట్టింది. అప్పుడు తోటల యజమానుల చూపు ఈ దేశపు నోళ్ల మీద బలంగా పడింది. రైల్వే స్టేషన్లలో ఎనామిల్ పలకలు వెలిశాయి. నీళ్లు ఎట్లా మరిగించాలో, ఆకు ఎంత వేయాలో బొమ్మలు గీసి చూపారు. బజారుల్లో, మిల్లుల్లో ఉచితంగా పోసి తాగించారు. గాంధీజీ వద్దన్నారు. రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్లచంద్ర రాయ్ గట్టిగా వ్యతిరేకించారు. ప్రచారం ఆగలేదు. తోటలవారు ఆకు ఎక్కువ వేయమన్నారు. మనవాళ్లు ఆకు తగ్గించి, పాలు, చక్కెర పెంచి, కలిపి మరిగించి తమదైన మరొక పానీయం చేసుకున్నారు.

పల్లెకు చాయ్ నిజంగా అందిరావడానికి ఒక యంత్రం కారణం. 1930లలో అస్సాంలో పుట్టిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చింపి, చిన్న గుళికలుగా చుడుతుంది. ఆ గుళికలకు రంగు ఎక్కువ, ఘాటు ఎక్కువ, కిలోకు దిగే కప్పులు ఎక్కువ. స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాలలో ఈ చౌక చాపత్తా ఊరూరికీ పాకింది. ఘన్‌పూర్ వంటి చోట రైలుకోసం కాచుకునే జనం ఉన్నారు. పక్కనే హైదరాబాదు–వరంగల్లు తోవ ఉన్నది. హోటలుకు ఇంతకంటె ఏం కావాలి?

ఇక బిస్కట్. దాని పేరుకు లాటిన్‌లో రెండుమార్లు కాల్చినదని అర్థం. ఓడల మీద నెలల తరబడి పాడుకాకుండా ఉండేందుకు అట్లా చేసేవారు. మనం నేటికీ చాయ్‌లో ముంచే మేరీ బిస్కట్‌ను లండనులోని పీక్ ఫ్రీన్ కంపెనీ 1874లో, రష్యా రాకుమారి మరియా పెండ్లి సందర్భంగా తయారుచేసింది. సికింద్రాబాదుకు రైలు వచ్చిన ఏడాది కూడా అదే. పార్లేవారు బిస్కట్ల తయారీకి దిగింది 1939లో. హైదరాబాదు ఇరానీ హోటళ్ల ఉస్మానియా బిస్కట్‌కు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చింది. ఉస్మానియా ఆస్పత్రి రోగులకోసమే దాన్ని మొదట చేశారన్న కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. కథ ఎట్లున్నా పల్లెల్లో బిస్కట్ చాలాకాలం రోగి ఆహారమే. జ్వరం వచ్చిన బిడ్డకు డబల్ రొట్టె, బిస్కట్ కొనిచ్చేవారు. ఆ రెండు బిస్కట్ల ఆశకు జ్వరం ఇంకో రోజు ఉంటే బాగుండుననుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

ఈ చిన్న బిల్లకు కూడా కులం అంటింది. ఎవరు పిసికిన పిండి, ఎవరి భట్టీలో కాలింది అన్న ప్రశ్నతో పందొమ్మిదవ శతాబ్దంలో అగ్రకులాల వారు దాన్ని ముట్టేవారు కాదు. 1846లో బెంగాల్‌లో రాజనారాయణ బోసు బ్రహ్మసమాజంలో చేరిననాడు కులాన్ని పాటించనని చాటడానికి బిస్కట్, షెర్రీ తీసుకున్నాడు. బిస్కట్ తినడమే ఒక తిరుగుబాటు అన్నమాట! ఆ భయాన్ని పోగొట్టి సరుకు అమ్ముకోవడానికే ఢిల్లీలో ఒక కంపెనీ 'హిందూ బిస్కట్' అని పేరు పెట్టుకున్నది. ఇంగ్లీషువారి కాలపు స్టేషన్లలో హిందువుల నీళ్లు, ముస్లిముల నీళ్లు వేరువేరు. చాయ్ కూడా అట్లే వేరు. ఒకే బండి అందరినీ మోసింది. ప్లాట్‌ఫారం మాత్రం వారిని విడదీసింది.

రాజ్యాంగం పదిహేనవ అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి పోవడానికి కులం అడ్డు రాకూడదని 1950లోనే చెప్పింది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు వేసింది. హోటలులో అందరికోసం ఉంచిన పాత్రలను ఒకరికి నిరాకరించడం నేరమని విడిగా రాసింది. ఒక దేశపు చట్టసభ చాయ్ గ్లాసు గురించి కూడా ఆలోచించవలసి వచ్చింది. ఆ చట్టానికే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి చావలేదు. 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం ఊరూరా దానిమీద పోరాడవలసి వచ్చింది. చట్టం వచ్చి అప్పటికి నలభై మూడేండ్లు.

మిత్రుడు చెప్పిన మాట ఇదే. "మా ఊరి హోటల్ల మా నాయిన గ్లాసు బయట సూరుల చెక్కి ఉండేది. తనే తీసుకోవాలె. పైనుంచి పోస్తరు. నిలబడి తాగాలె. కడిగి మళ్ల ఆడనే పెట్టాలె. లోపలి గ్లాసు ఎట్లుంటదో ఆయనకు ఎరుక లేకుండనే పోయిండు."

అదే హోటలులో లోపలి బెంచీ మీద మా నాన్న పక్కన కూర్చుని, అదే చాయ్‌లో బిస్కట్ ముంచుకు తిన్న పిల్లవాణ్ణి నేను. సూరులోని గ్లాసును చూశాను. అది ఎందుకున్నదని ఏనాడూ అడుగలేదు. ఇద్దరం ఒకే తరగతిలో ఒకే చాప మీద కూర్చున్నాం. ఈ సంగతి అతడు నాతో అనడానికి నలభై ఏండ్లు పట్టింది.

ఇప్పుడు కాగితపు కప్పు వచ్చి అందరినీ సమానం చేసిందని కొందరంటారు. నాకట్లా తోచదు. ఒకరు తాగినదాన్ని ఇంకొకరు ముట్టవలసిన పనిలేని కప్పు అది. ఎంగిలి ప్రశ్నకు అది జవాబు చెప్పదు, దాన్ని చెత్తబుట్టలో పారేస్తుంది. గాజు గ్లాసు వేరు. నా ముందు ఎవరో తాగారు, కడిగారు, నాకిచ్చారు. నా తర్వాత ఇంకెవరో తాగుతారు. ఆ వరుసలో నిలబడే హక్కునే కదా అతని తండ్రికి లేకుండా చేసింది!

బండి వేళయింది. నేను కూడా ఈసారి గాజు గ్లాసులోనే ఇంకొక చాయ్ అడిగాను. హోటలాయన మా రెండు గ్లాసులను ఒకే బకెట్‌లో ముంచి, కడిగి, మిగతా గ్లాసుల నడుమ బోర్లించాడు. ఏది ఎవరిదో నేను గుర్తుపట్టలేకపోయాను.