పక్కింటికి వైఫై ఇస్తే పోలీసులు ఎవరి తలుపు కొడతారు?

సామర్లకోట లాంటి ఊళ్లో ఒక నెట్ కనెక్షన్ ఒక్క ఇంటితో ఆగదు. కింద ఇంటివాళ్లు, మేడమీద అద్దెకున్నవాళ్లు, గోడ అవతల చిన్నాన్న కుటుంబం, అందరి ఫోన్లూ ఒకే వైఫై బాక్సుకి తగులుకుని ఉంటాయి. కొన్నిచోట్ల బిల్లు ముగ్గురూ పంచుకుంటారు, కొన్నిచోట్ల ఇంటాయనే కడతాడు. గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో, చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడాలంటే నెట్ కావాలి. కాకినాడలో, సూరంపాలెంలో చదివే పిల్లలకీ కావాలి. "భాయ్, పాస్‌వర్డ్ ఒకసారి చెప్తారా?" అని పక్కింటివాళ్లు అడిగితే, పొరుగువాళ్ల హక్కు గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లు కాదనలేరు.

ఇవ్వడంలో తప్పేమీ లేదు. కానీ ఇచ్చేది నెట్ ఒక్కటే కాదు, మన పేరు కూడా. ఇది చాలామందికి తెలియదు.

గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ ఫైబర్ రావడం పాత కథేం కాదు. ఉమ్మడి తూర్పుగోదావరిలోని మోరి గ్రామానికి 2016 చివర్లో వచ్చింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, నెట్, ఫోన్ మూడూ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు పోటీకి దిగాయి. కేబుల్ అబ్బాయి వచ్చి బాక్సు బిగించి, తనకు తోచిన పాస్‌వర్డ్ ఒకటి పెట్టి వెళ్లిపోతాడు. ఎక్కువ ఇళ్లలో ఈరోజుకీ అదే పాస్‌వర్డ్ నడుస్తోంది.

బిల్లు మీద పేరే మొదటి ఆధారం

ఇంట్లో పది ఫోన్లు ఉన్నా బయటి ప్రపంచానికి కనిపించేది ఒక్క ఐపీ అడ్రస్సే. ఫేక్ అకౌంట్‌తో ఎవరినైనా బెదిరించినా, ఎవరి ఖాతాలోంచో డబ్బు కొట్టేసినా, పోలీసులు ముందుగా ఆ ఐపీ ఎవరిదని నెట్ కంపెనీని అడుగుతారు. ఈ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబర్‌లో లైసెన్స్ నిబంధనలు మార్చింది. కంపెనీ తన రికార్డు తీసి పేరు, అడ్రస్, ఆధార్ ఇస్తుంది. అవి కనెక్షన్ తీసుకున్నవారివి. ఆ సమయంలో పది ఫోన్లలో ఏది ఆ పని చేసిందో కంపెనీకి తెలియదు. ఇళ్లలో వాడే మామూలు బాక్సు కూడా ఆ లెక్క రాసి పెట్టుకోదు. రాసినా కరెంటు పోయి వస్తే చాలా వాటిలో చెరిగిపోతుంది. మన ఊళ్లలో కరెంటు సంగతి చెప్పేదేముంది!

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగి యాభై మందికి పైగా చనిపోయారు. దానికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్లకు ఒక ఈమెయిల్ వచ్చింది. ఆ ఐపీ పట్టుకుని వెళ్తే నవీ ముంబైలోని సాన్‌పాడాలో ఒక ఫ్లాట్ తేలింది. అందులో ఉంటున్నది అమెరికా దేశస్తుడు. అతని వైఫైకి సరైన రక్షణ లేదు, దాన్ని ఎవరో వాడుకుని మెయిల్ పంపారు. పోలీసులు అతని కంప్యూటర్లు తీసుకెళ్లారు, ప్రశ్నించారు. చివరికి అతనికి సంబంధం లేదని తేలింది. అదే ఏడాది సెప్టెంబర్ 13న ఢిల్లీ పేలుళ్లప్పుడు వచ్చిన మెయిల్ కూడా ఇలాగే ముంబై చెంబూర్‌లోని ఒక సంస్థ వైఫై నుంచి వెళ్లింది. 2009 జనవరిలో ముంబై పోలీసులు వీధుల్లో తిరుగుతూ తాళం లేని వైఫైలు వెతికారు. ఫిబ్రవరి 23న టెలికాం శాఖ, వైఫైని రక్షణ లేకుండా వదలకూడదని నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది.

అమెరికాలోని బఫెలో నగరంలో 2011 మార్చిలో జరిగింది ఇంకా దగ్గరి ఉదాహరణ. చిన్నపిల్లల అశ్లీల చిత్రాలు డౌన్‌లోడ్ చేశాడని ఒకాయన ఇంట్లోకి అధికారులు తుపాకులతో తెల్లవారకుండానే దూసుకొచ్చారు. ఆయన వైఫైకి పాస్‌వర్డ్ లేదు. ఆ పని చేసింది పొరుగింటి కుర్రాడని తర్వాత తెలిసింది, వాణ్ణి అరెస్టు చేశారు.

బఫెలో ఇంటాయన కొద్ది రోజుల్లో బయటపడ్డాడు. మన దగ్గర అంత తొందరగా బయటపడతామా? 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానంతో పట్టుకెళ్లిన యువకులు కోర్టులో నిర్దోషులుగా తేలారు. తర్వాత ప్రభుత్వమే వాళ్లకు క్యారెక్టర్ సర్టిఫికెట్లు ఇవ్వాల్సి వచ్చింది. వాళ్ల కేసుకు వైఫైతో సంబంధం లేదు. కానీ ఒక్కసారి పేరు కేసులోకి ఎక్కితే అది దిగడానికి ఎంత కాలం పడుతుందో ముస్లిం కుటుంబాలకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

కనెక్షన్ తన పేరున ఉన్నంత మాత్రాన ఎవరూ నేరస్తులైపోరు. నేరం ఎవరు చేశారో పోలీసులు నిరూపించాల్సిందే. కాకపోతే ఆ లోపల ఫోన్లు, ల్యాప్‌టాప్ వాళ్ల దగ్గరుంటాయి. పిల్లల ప్రాజెక్టులు, దుకాణం లెక్కలు అందులోనే ఉంటాయి.

ఇంటి లోపలి ముప్పు

"పాస్‌వర్డ్ ఇస్తే మన బ్యాంకు ఓటీపీలు వాళ్లకి కనిపిస్తాయా?" అని చాలామంది భయపడతారు. కనిపించవు. బ్యాంకు యాప్‌లు, వాట్సాప్ సందేశాలు గుప్తలిపిలో వెళ్తాయి, ఒకే వైఫైలో ఉన్నంత మాత్రాన చదవలేరు. అసలు ముప్పు వేరే చోట ఉంది, దాన్ని ఎవరూ అడగరు.

ఒకే వైఫైలో ఉన్న వస్తువులన్నీ ఒకే గదిలో ఉన్నట్టు లెక్క. స్మార్ట్ టీవీ, ప్రింటర్, గుమ్మంలో పెట్టిన సీసీ కెమెరా ఒకదానికొకటి అందుబాటులో ఉంటాయి. కెమెరాకి కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డే ఉంచేస్తే, పక్కింటి కుర్రాడు మీ వరండా చూడటానికి పెద్ద తెలివి అవసరం లేదు. ఆడపిల్లలున్న ఇళ్లలో ఇది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. అతని ఫోన్‌లో ఎక్కడో దింపుకున్న దొంగ యాప్ మంచిది కాకపోవచ్చు. 2016లో మిరాయ్ అనే వైరస్ సుమారు 60 రకాల ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి ప్రపంచమంతా లక్షల కెమెరాలు, రౌటర్లు లొంగదీసుకుంది.

బాక్సు సెట్టింగుల్లోకి వెళ్లగలిగితే ఇంకో మోసం చేయొచ్చు. డీఎన్‌ఎస్ అనే అమరిక మార్చేస్తే, మీరు ఒక సైటు పేరు కొడితే వేరే నకిలీ పేజీకి తీసుకెళ్లొచ్చు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే వైరస్ 2007 నుంచి ఇదే పని చేసింది, 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకుంది.

బాక్సు మీద డబ్ల్యూపీఎస్ అని చిన్న బటన్ ఉంటుంది. దాని వెనక ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. ఎనిమిది అంకెలంటే పది కోట్ల రకాలు కదా అనుకుంటాం. కానీ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుందని, అందుకే 11,000 ప్రయత్నాలు సరిపోతాయని 2011 డిసెంబర్‌లో బయటపడింది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఇది తెరిచి ఉంటే పక్క తలుపు తెరిచినట్టే. వాడకపోతే ఆపించేయడం మేలు.

ఇవ్వాల్సి వస్తే ఎలా ఇవ్వాలి

ఇప్పుడొచ్చే చాలా బాక్సుల్లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటుంది. అది రెండో వైఫై పేరు, వేరే పాస్‌వర్డ్. అందులోకి వచ్చినవాళ్లకి నెట్ వస్తుంది, మీ టీవీ, కెమెరా అందవు. ఇఫ్తార్‌కొచ్చిన చుట్టాలకైనా, మేడమీద వాళ్లకైనా ఇదే ఇవ్వాలి. కేబుల్ అబ్బాయిని అడిగితే పది నిమిషాల్లో పెట్టిస్తాడు. అతనున్నప్పుడే బాక్సు అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్పించి, మీ దగ్గర రాసి పెట్టుకోండి. వైఫై భద్రత డబ్ల్యూపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ అయి ఉండాలి.

గెస్ట్ నెట్‌వర్క్ ఇంటి వస్తువులను కాపాడుతుంది గానీ పేరును కాపాడదు. బయటికి వెళ్లే ఐపీ అదే. పైగా పాస్‌వర్డ్ ఇచ్చింది ఒకరికే అయినా అక్కడ ఆగదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లో క్యూఆర్ చూపిస్తే చాలు, పాస్‌వర్డ్ నోటితో చెప్పక్కర్లేకుండా నాలుగో వాడికి చేరిపోతుంది. అద్దెవాళ్లు ఖాళీ చేసిన రోజే పాస్‌వర్డ్ మార్చాలి. నెలల తరబడి వాడే అద్దెవాళ్లకైతే వాళ్ల పేరున వేరే కనెక్షన్ పెట్టించడమే మర్యాద, ఇద్దరికీ. నెలకు కొన్ని వందలు మిగులుతాయని ఈ తలనొప్పి పెట్టుకోవడం మంచి బేరం కాదు.

డబ్బు తీసుకుని నలుగురికి నెట్ అమ్మడం ఇంకో సంగతి. లైసెన్స్ లేకుండా అది కుదరదు. టీ దుకాణం, కిరాణా కొట్టువాళ్లు కస్టమర్లకు వైఫై ఇవ్వాలనుకుంటే కేంద్రం 2020 డిసెంబర్‌లో ఆమోదించిన పీఎం-వాణి ఉంది. దుకాణదారుకి లైసెన్స్ అక్కర్లేదు. వాడేవాళ్లు ఫోన్ నంబరుతో నమోదవుతారు కాబట్టి ఎవరు వాడారన్న లెక్క ఉంటుంది. రైల్వే స్టేషన్ వైఫై ఓటీపీ అడిగేదీ అందుకే.

పోలీసుల నోటీసు వస్తే

ముందు చేయకూడని పని, భయంతో ఫోన్లు, బాక్సు రీసెట్ చేయడం. ఆధారాలు చెరిపారన్న అనుమానం దానికదే వస్తుంది. బాక్సులో ఏమైనా రికార్డు మిగిలి ఉంటే అది మీకు పనికొచ్చేదే కావచ్చు. పాస్‌వర్డ్ ఎవరెవరికి ఎప్పటి నుంచి ఇచ్చారో తారీఖులతో రాసుకుని, ఆ కాగితంతో ముందు లాయర్ దగ్గరికి వెళ్లాలి. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఏ సెక్షన్ కింద పిలుస్తున్నారో చూసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 179 ప్రకారం, సాక్షిగా విచారించాల్సింది ఆడవాళ్లనైతే, అరవై దాటిన మగవాళ్లనైతే, పదిహేనేళ్ల లోపు మగపిల్లలనైతే స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. కనెక్షన్ అమ్మీ పేరునో, నానమ్మ పేరునో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ తీసుకుంటే పంచనామా కాపీ అడిగి తీసుకోవాలి.