రెండు ఘన్‌పూర్లు, ఒక జేసన్ ఫైలు

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చిన నిజాం రైలు మార్గం తూర్పుకు సాగి 1889 నాటికి బెజవాడ చేరింది. ఆ దారిలో జనగామ, రఘునాథపల్లి దాటాక, పెండ్యాల్, కాజీపేటలకు ముందు ఒక స్టేషన్ వస్తుంది. రైల్వే రికార్డుల్లో దాని పేరు ఘన్‌పూర్, కోడ్ జీఎన్‌పీ. ఊరిని మాత్రం జనం స్టేషన్ ఘన్‌పూర్ అంటారు. అలా అనకపోతే కుదరదు కూడా. పాత వరంగల్ జిల్లాలోనే ములుగు వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది. కాకతీయ గణపతిదేవుడి కాలం నాటి కోటగుళ్లు ఉన్నది అక్కడే.

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు తెచ్చినప్పుడు ఈ రెండు ఊళ్లూ మండల కేంద్రాలయ్యాయి. 51 మండలాల వరంగల్ జిల్లా జాబితాలో ఒకటి ఘన్‌పూర్ (స్టేషన్), మరొకటి ఘన్‌పూర్ (ములుగు). కాగితం మీద రాసినంత కాలం ఆ బ్రాకెట్ చాలింది. తహసీల్ ఆఫీసు గుమస్తాకు ఏ ఘన్‌పూర్ ఏదో తెలుసు. తెలియకపోతే పక్కవాళ్లను అడిగేవాడు. అడగడం తెలియని యంత్రం చేతికి ఆ జాబితా వెళ్లినప్పుడు ఏమవుతుందన్నదే ఈ వ్యాసం. ఇప్పుడు భూముల లెక్కలు, ఓటర్ల జాబితాలు, పింఛన్లు అన్నీ కంప్యూటర్ల మధ్య నడుస్తున్నాయి. వాటిలో కొన్ని జేసన్ అనే డేటా ఫార్మాట్ రూపంలో ప్రయాణిస్తాయి, జావా ప్రోగ్రాముల్లో దిగుతాయి. దిగే చోటే తరచూ తడబడతాయి.

జేసన్ పుట్టుకే ఒక ఎర్రర్‌తో మొదలైంది. 2001 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలో చిప్ మార్నింగ్‌స్టార్ అనే ఇంజనీరు గ్యారేజీ నుంచి, ఆయనా డగ్లస్ క్రాక్‌ఫర్డ్ కలిసి తొలి జేసన్ సందేశం పంపారు. అది పనిచేయలేదు. సందేశంలోని ఒక ఫీల్డ్ పేరు ‘డూ’. జేసన్ రాత పద్ధతికి మూలమైన జావాస్క్రిప్ట్‌లో అది భాష తన కోసం అట్టిపెట్టుకున్న మాట. అలాంటి మాటల జాబితా అంతా స్పెసిఫికేషన్‌లో ఎక్కించడం కన్నా ఫీల్డ్ పేర్లన్నిటికీ కొటేషన్ గుర్తులు తప్పనిసరి చేయడం మేలని క్రాక్‌ఫర్డ్ నిర్ణయించాడు. ఈ రోజు జేసన్ రాసే ప్రతివాళ్లూ పెడుతున్న ఆ గుర్తుల వెనక కారణం అదే. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4627గా జేసన్‌కు అధికారిక వివరణ వచ్చింది.

జావా స్వభావం వేరు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ లోకానికి చూపించిన ఈ భాషలో ఏ వస్తువు ఎలా ఉంటుందో ముందే క్లాస్‌గా రాసిపెట్టాలి. జేసన్ ఏ ఆకారంలోనైనా వస్తుంది, జావా మాత్రం చెప్పిన ఆకారాన్నే ఒప్పుకుంటుంది. ఈ రెండింటినీ కలపడానికి టాటు సలోరాంటా 2007లో జాక్సన్ లైబ్రరీ మొదలుపెట్టాడు. 2008లో గూగుల్ జీసన్ విడుదల చేసింది. రాష్ట్రం అనే క్లాస్ లోపల జిల్లాల లిస్టు, జిల్లా లోపల మండలాల లిస్టు, మండలం లోపల గ్రామాల లిస్టు. ఇలా రాసి ఇస్తే చాలు, ఫైలంతా చదివి ఆబ్జెక్టుల్లో ఆబ్జెక్టులు నింపి ఇవ్వడం వాటి పని.

చాలామంది కుర్రాళ్లకు తొలిసారి ఎదురయ్యే ఎర్రర్ జీసన్‌ది: ‘ఎక్స్‌పెక్టెడ్ బిగిన్ ఆబ్జెక్ట్ బట్ వాజ్ బిగిన్ అరే’. కర్లీ బ్రాకెట్ కోసం చూస్తే స్క్వేర్ బ్రాకెట్ కనిపించిందని అర్థం. దీనికి తిరగబడిన ఎర్రర్ ఇంకా చిక్కు పెడుతుంది. పాత ఎక్స్‌ఎమ్ఎల్ ఫైళ్లను జేసన్‌గా మార్చే కొన్ని సాధనాలు, రెండు రెవెన్యూ డివిజన్లు ఉన్న జనగామ జిల్లాకు లిస్టు రాస్తాయి, ఒక్కటే డివిజన్ ఉన్న జిల్లాకు లిస్టు లేకుండా నేరుగా ఆబ్జెక్ట్ రాస్తాయి. జనగామతో పరీక్షించి అంతా బాగుందనుకున్న ప్రోగ్రాం వేరే జిల్లా దగ్గర ఆగిపోతుంది. జాక్సన్‌లో ‘యాక్సెప్ట్ సింగిల్ వాల్యూ యాజ్ అరే’ అనే సెట్టింగు ఈ అవస్థ కోసమే ఉంది.

ఎర్రర్ రాగానే చాలామంది మొదటి లైను చదివి గాభరా పడతారు. అసలు ఆచూకీ చివరి లైనులో ఉంటుంది. జాక్సన్ ‘త్రూ రిఫరెన్స్ చైన్’ అంటూ రాష్ట్రం నుంచి ఎన్నో జిల్లా, అందులో ఎన్నో మండలం, ఏ ఫీల్డ్ అన్నది వరుసగా చెబుతుంది. జీసన్ డాలర్ గుర్తుతో మొదలుపెట్టి అదే దారి రాస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మరవకుండా ఆ దారి వెంబడి ఫైలులోకి వెళ్లి, అక్కడ నిజంగా ఏం రాసి ఉందో కళ్లతో చూస్తే సగం పని అయిపోయినట్టే.

తెలియని ఫీల్డ్ కనిపిస్తే, 2.x వెర్షన్ల వరకు జాక్సన్ ‘అన్‌రికగ్నైజ్డ్ ఫీల్డ్’ అంటూ ఆగిపోతుంది. జీసన్ ఏమీ అనదు. వదిలేసి ముందుకు పోతుంది. క్లాస్‌లో పేరు ఒకలా, ఫైలులో మరోలా ఉంటే ఆ గడి నల్‌గా మిగులుతుంది. జాక్సన్‌ను కూడా అలా మౌనంగా ఉంచే సెట్టింగు ఒకటుంది, ‘ఫెయిల్ ఆన్ అన్‌నోన్ ప్రాపర్టీస్’ను ఫాల్స్ చేయడం. ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా ముందు అదే సలహా ఇస్తారు. ప్రజల రికార్డుల విషయంలో ఆ సలహాను నేను ఒప్పుకోను. ఆ గడిలో ఉన్నది ఒక రైతు సర్వే నంబరైతే, అది పోయిన సంగతి మీ సేవ కౌంటర్ దగ్గర ఆ రైతుకే మొదట తెలుస్తుంది.

సర్వే నంబర్ల దగ్గర ఇంకో గండం ఉంది. మొదట కనిపించిన రికార్డుల్లో 124, 125 అని అంకెలే ఉంటే ప్రోగ్రామరు ఆ ఫీల్డ్‌ను ఇంటిజర్‌గా రాస్తాడు. కింద ఎక్కడో 124/అ, 124/1/ఇ వస్తాయి. తెలంగాణలో పొలం పంచుకున్న చాలా కుటుంబాలకు ఇలాంటి నంబరే ఉంటుంది. అక్కడ మార్పిడి ఆగిపోతుంది. సర్వే నంబరు చూడ్డానికి అంకెలా ఉన్నా అది పేరే, స్ట్రింగ్‌గానే ఉంచాలి. జనాభా లెక్కల్లో జిల్లా కోడ్‌ కూడా అంతే. రకం చెప్పకుండా చదివిస్తే వరంగల్ జిల్లా కోడ్ 540ని జీసన్ 540.0గా మార్చి ఇస్తుంది.

ఇప్పుడు మన రెండు ఘన్‌పూర్ల దగ్గరికి వద్దాం. ఎవరైనా మండలాలను లిస్టుగా కాక, మండలం పేరే కీగా పెట్టి మ్యాప్‌లా రాశారనుకోండి. బ్రాకెట్‌లోని ‘స్టేషన్’, ‘ములుగు’ అన్న మాటలు అనవసరమని తీసేశారనుకోండి. ఒకే జిల్లాలో ఘన్‌పూర్ అనే కీ రెండుసార్లు వస్తుంది. కీలు వేరువేరుగా ఉండాలని జేసన్ ప్రమాణం కోరుతుంది కానీ లేకపోతే ఏం చేయాలో ఖరారు చేయలేదు. జీసన్ మ్యాప్ నింపుతూ ‘డూప్లికేట్ కీ’ అని ఎర్రర్ ఇస్తుంది. జాక్సన్ మామూలుగా ఏ ఎర్రరూ ఇవ్వకుండా రెండోదాన్ని మొదటిదాని మీద రాస్తుంది. ఒక మండలం, దాని ఊళ్లతో సహా, మాయమవుతుంది. ‘స్ట్రిక్ట్ డూప్లికేట్ డిటెక్షన్’ ఆన్ చేస్తే జాక్సన్ కూడా చెబుతుంది. అయినా నిజమైన మందు పేరుకు బదులు కోడ్‌ను కీ చేయడం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇలాంటి గందరగోళం రాకుండానే ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి విడి కోడ్ ఇస్తోంది.

తెలుగులో రాసినప్పుడు ఇంకా లోతైన చిక్కు ఎదురవుతుంది. ‘ఘన్‌పూర్’లో న్ తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే పా వత్తు న కిందికి చేరి ‘ఘన్పూర్’ అవుతుంది. ఒక ఆఫీసులో ఒకలా, మరో ఆఫీసులో ఇంకోలా టైపు చేస్తారు. మనకు రెండూ ఒకే ఊరు, జావాకు రెండు వేర్వేరు స్ట్రింగులు. పోల్చి చూస్తే ఫాల్స్ వస్తుంది, గంటలు గంటలు స్క్రీన్ వైపు చూసినా కారణం దొరకదు. పోల్చే ముందు ఆ కనపడని గుర్తును ఒకే పద్ధతికి తేవడం తెలుగు డేటాతో పనిచేసే ప్రతివాళ్లూ మొదటి రోజే నేర్చుకోవాల్సిన విషయం. దీనికి తోడు, 2022లో వచ్చిన జావా 18 వరకు ఫైలును ఏ ఎన్‌కోడింగ్‌లో చదవాలో చెప్పకపోతే జావా ఆ కంప్యూటర్ అలవాటునే పాటించేది. విండోస్ మీద తెలుగు పేర్లు అర్థంలేని గుర్తులుగా మారింది అందుకే.

లిస్టుల సంగతికి 2004 నాటి చరిత్ర ఉంది. ఆ ఏడాది జావా 5లో జెనెరిక్స్ వచ్చాయి. పాత ప్రోగ్రాములు చెడకూడదని, లిస్టులో ఉండేది మండలమా గ్రామమా అన్న సమాచారాన్ని కంపైల్ అయ్యాక చెరిపేసే ఏర్పాటు చేశారు. అందువల్ల ‘మండలాల లిస్టు’ కావాలని నేరుగా అడిగితే లైబ్రరీకి ఉత్త లిస్టు అని మాత్రమే వినిపిస్తుంది. జాక్సన్ లోపల లింక్డ్ హ్యాష్ మ్యాపులు నింపి ఇస్తుంది. తీరా వేరే ఎక్కడో వాటిని మండలంగా వాడబోతే క్లాస్ కాస్ట్ ఎర్రర్ వస్తుంది. జాక్సన్‌లో టైప్ రిఫరెన్స్, జీసన్‌లో టైప్ టోకెన్ ఈ చెరిగిన సమాచారాన్ని తిరిగి అందించడానికే పుట్టాయి. లోపలి క్లాసులను స్టాటిక్‌గా రాయకపోయినా, ఖాళీ కన్‌స్ట్రక్టర్ లేకపోయినా జాక్సన్ ఆగుతుంది. అవి చిన్నవి, ఒకసారి తెలిస్తే మళ్లీ బాధించవు.

2016 అక్టోబర్ 11, దసరా నాడు, తెలంగాణలో 21 కొత్త జిల్లాలు వచ్చాయి. స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్ నుంచి జనగామ జిల్లాకు మారి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ములుగు ఘన్‌పూర్ జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు వెళ్లింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. అంటే ఫైలులో ‘వరంగల్’ అని ఉంటే ఏ సంవత్సరపు వరంగల్ అన్నది తెలియాలి. ఇక్కడ ఏ ఎర్రరూ రాదు, మార్పిడి సాఫీగా జరిగిపోతుంది. తప్పు ఊరు తప్పు జిల్లాలో కూర్చుంటుంది. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే.

ఎన్నికల లెక్క ఇంకోటి. 99వ నంబరు ఘన్‌పూర్ (స్టేషన్) ఎస్సీ నియోజకవర్గం నేటికీ వరంగల్ లోక్‌సభ కిందే ఉంది. జిల్లా కేంద్రమైన జనగామ అసెంబ్లీ స్థానం మాత్రం భువనగిరి లోక్‌సభ కింద ఉంది. కాబట్టి మండలం క్లాస్‌ను ఒకే జిల్లా లోపల బిగించి రాస్తే సరిపోదు. రెవెన్యూ వరుస వేరుగా, ఎన్నికల వరుస వేరుగా ఉంచి, మండలాన్ని కోడ్ ద్వారా రెండింటికీ కలపాలి. ప్రతి సంబంధానికీ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్న తేదీలు రాయాలి.

2011 జనాభా లెక్కల ఫైళ్లలో స్టేషన్ ఘన్‌పూర్ ఆంధ్రప్రదేశ్, 28 కింద, వరంగల్ జిల్లా, 540 కింద ఉంది. 2027 లెక్కల్లో అదే ఊరు తెలంగాణ కింద, జనగామ కింద వస్తుంది. పదహారేళ్లలో ఊరు ఎంత పెరిగిందో చూడాలనుకునే వారెవరైనా ముందు ఈ రెండు దారులను ఒక పట్టికలో జత చేసుకోవాలి. ఊరికి పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే వరుసలో ఉండాలి.