డిప్రెషన్ మాత్రలతో స్కిన్ క్యాన్సర్‌కు చెక్ పడుతుందా? ఎలుకల స్టడీలో తేలింది ఇదే..

డిప్రెషన్‌కు వాడే మాత్రలు క్యాన్సర్ గడ్డలను కూడా తగ్గిస్తాయా? అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలపై చేసిన ప్రయోగంలో మంచి ఫలితాలే వచ్చాయి. అలాగని వెంటనే మెడికల్ షాపుకు పరిగెత్తకండి. అసలు విషయం ఏంటో చూద్దాం..

ఏ మందులు?
వీటిని ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, సిటాలోప్రామ్ ఈ కోవలోవే. ఫ్లూఆక్సెటిన్‌కు అమెరికాలో 1987లోనే అనుమతి వచ్చింది. అంటే డాక్టర్లకు బాగా తెలిసిన పాత మందులే.

స్టడీలో ఏముంది?
లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన లిలీ యాంగ్ టీమ్ పరిశోధన 2025 మేలో 'సెల్' జర్నల్‌లో వచ్చింది. చర్మ క్యాన్సర్లలో ప్రమాదకరమైన మెలనోమాతో పాటు రొమ్ము, ప్రొస్టేట్, పెద్దపేగు, మూత్రాశయ క్యాన్సర్లపై ప్రయోగాలు చేశారు. గడ్డల సైజు సగటున 50 శాతానికి పైగా తగ్గింది. ఇమ్యునోథెరపీ మందు కూడా కలిపి ఇస్తే ఫలితం ఇంకా మెరుగైంది. కొన్ని ఎలుకల్లో గడ్డలు పూర్తిగా మాయమయ్యాయి.

ఎలా పనిచేస్తాయి?
క్యాన్సర్‌పై పోరాడే టీ-కణాలకు సెరోటోనిన్ ఉత్సాహాన్నిస్తుంది. కానీ 'సెర్ట్' అనే ప్రొటీన్ దాన్ని మళ్లీ కణాల్లోకి లాగేస్తుంది. ఈ మాత్రలు సెర్ట్‌ను అడ్డుకుంటాయి. దాంతో సెరోటోనిన్ బయటే ఎక్కువసేపు ఉండి టీ-కణాలు గట్టిగా పోరాడతాయి. ఇదే టీమ్ 2021లో ఫెనెల్జిన్ అనే మరో రకం డిప్రెషన్ మందుపైనా ఇలాంటి ఫలితాన్నే ప్రకటించింది.

ఈ తప్పులు చేయొద్దు
ఎలుకల్లో పనిచేసినవన్నీ మనుషుల్లో పనిచేయవు. అది తేలాలంటే క్లినికల్ ట్రయల్స్ జరగాలి. అందుకే క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ఆపేసి వీటిని నమ్ముకోవద్దు. డాక్టర్ చీటీ లేకుండా అసలు వాడొద్దు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే.. తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటి సమస్యలు రావొచ్చు. క్యాన్సర్ పేషెంట్లు డిప్రెషన్ మాత్రలు వాడుతుంటే ఆ విషయం క్యాన్సర్ డాక్టర్‌కు తప్పనిసరిగా చెప్పాలి.

ఈ లక్షణాలు ఉంటే..
మన దేశంలో మెలనోమా అరుదే. అయితే అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కూడా రావొచ్చు. పుట్టుమచ్చ రంగు, ఆకారం మారినా, రక్తం కారినా, గోరు కింద నల్లటి గీత వెడల్పవుతున్నా స్కిన్ డాక్టర్‌కు చూపించాలి. తొందరగా గుర్తిస్తే ఆపరేషన్‌తోనే నయమయ్యే ఛాన్స్ ఎక్కువ. ఇక మనసు బాగోలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.