బ్రిటిల్‌బుష్

బ్రిటిల్‌బుష్ అమెరికా నైరుతి భాగంలోనూ మెక్సికో వాయవ్యంలోనూ పరుచుకున్న సొనోరా, మొహావీ ఎడారుల పొద. శాస్త్రీయ నామం ఎన్సీలియా ఫారినోసా. పొద్దుతిరుగుడు, చామంతి, మన చేలగట్ల మీది గడ్డిచామంతి, అన్నీ దీని కుటుంబమే. చలికాలం వానలు బాగా పడితే ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకులకు పైన సన్నటి కాడలు సాగి, వాటి కొసల్లో పసుపు పూలు విరగబూస్తాయి. రాళ్ళగుట్టల వాలు మొత్తం పసుపు పులిమినట్టు కనిపిస్తుంది.

కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది. గాటు పడిన చోట జిగురు ఊరి గట్టిపడుతుంది. మొక్క చరిత్ర ఈ జిగురుతోనే మొదలు. కాలిఫోర్నియా సింధుశాఖ తీరంలోని సేరి జాతివారు దాన్ని వేట ఈటెల మొనలు అతికించడానికి వాడారు. కహుయ్యా జాతివారు పూలు, ఆకులు, కొమ్మలు కలిపి కాచిన కషాయాన్ని పంటినొప్పికి పుక్కిటపట్టేవారు. తర్వాత వచ్చిన స్పానిష్ మతప్రచారకులు ఎండిన జిగురును చర్చిలో సాంబ్రాణిగా వేశారు. స్పానిష్‌లో ఈ మొక్కను నేటికీ ‘ఇన్సియెన్సో’, అంటే సాంబ్రాణి, అనే పిలుస్తారు.

వృక్షశాస్త్ర గ్రంథాల్లోకి ఇది సైన్యం వెంట వచ్చింది. 1846లో అమెరికాకు మెక్సికోతో యుద్ధం జరుగుతుండగా స్టీఫెన్ కియర్నీ సేన కాలిఫోర్నియాకు నడిచింది. దారి కొలతలు తీసే ఇంజనీరు విలియం ఎమరీ మొక్కల నమూనాలు కూడా పోగుచేశాడు. 1848లో అచ్చయిన ఆయన నివేదికలో, జాన్ టోరీ సిద్ధం చేసిన వృక్షభాగంలో, ఏసా గ్రే పెట్టిన పేరుతో ఈ జాతి నమోదైంది.

దీనికి అసలు పేరు తెచ్చింది మాత్రం ఒక వివాదం. కొన్ని ఎడారి పొదల కింద ఒక్క ఏడాదే బతికే మొక్కలు గుంపులుగా మొలుస్తుంటే బ్రిటిల్‌బుష్ కింద నేల దాదాపు బోడిగా ఉండటం వృక్షశాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ గమనించి 1942లో రాశాడు. 1948లో రీడ్ గ్రే, జేమ్స్ బానర్ దీని ఆకుల నుంచి ఒక రసాయనాన్ని వేరుచేసి, అది టమాటా మొక్కల ఎదుగుదలను అణచివేస్తుందని చూపారు. ఇంకేం, పక్కవాటిని విషంతో చంపే మొక్కగా పేరుపడిపోయింది. 1953లో కార్నీలియస్ మల్లర్ దాన్ని కాదన్నాడు: ఎడారి నేలలో ఆ విషం నిలవదు, పైగా ఈ పొద మొదలు దగ్గర గాలికి కొట్టుకొచ్చే మట్టీ చెత్తా పోగుపడవు, కాబట్టి విత్తనాలకు ఆసరా దొరకదు. విచిత్రమేమిటంటే, 1964లో సేజ్ పొదల చుట్టూ నేల బోడిగా ఉండటానికి రసాయనాలే కారణమని గట్టిగా వాదించిందీ ఆ మల్లరే.

నిజానికి ఈ మొక్క గొప్పతనం ఆకులో ఉంది. దగ్గరగా చూస్తే పిండి చల్లినట్టున్న ఆ తెలుపంతా సన్నటి నూగు. జేమ్స్ ఎలరింజర్, ఓలె బ్యోర్క్‌మన్, హెరాల్డ్ మూనీ 1976లో దీన్ని తీరప్రాంతపు సోదర జాతి ఎన్సీలియా కాలిఫోర్నికాతో పోల్చి చూశారు. నూగు వెలుగును తిప్పికొట్టి ఆకు వేడెక్కకుండా కాపాడుతుంది. దాంతో ఆవిరైపోయే నీరూ తగ్గుతుంది. ఈ రక్షణ ఊరికే రాదు. ఆహారం తయారుచేసుకోవడానికి కావలసిన వెలుగు కూడా దాంతోపాటే పోతుంది. అందుకే వానల్లో వచ్చే ఆకులు పెద్దవిగా, పచ్చగా, తక్కువ నూగుతో ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ చిన్నవై తెల్లబడతాయి. కరువు మరీ ముదిరితే రాలిపోతాయి.

నీళ్ళు పెద్దగా అడగదు కాబట్టి కాలిఫోర్నియాలో రహదారుల పక్కన కూడా దీన్ని పెంచుతున్నారు. గడ్డకట్టే చలికి మాత్రం తట్టుకోలేదు.