నడుము నొప్పికి స్కాన్ ఎప్పుడు అవసరం?

ఎముకలు, కీళ్లు, కండరాల నొప్పులకు ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ పరీక్షలను అవసరానికి మించి చేయించడం అనేక దేశాల్లో సమస్యగా మారింది. నడుము నొప్పి విషయంలో ఇది మరింత స్పష్టం. కొత్తగా మొదలైన నడుము నొప్పి అత్యధికుల్లో కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. అందుకే ప్రమాద సూచనలు లేనప్పుడు తొలి ఆరు వారాల్లో స్కాన్ అవసరం లేదని అమెరికాలో 2012లో మొదలైన ‘చూజింగ్ వైజ్‌లీ’ కార్యక్రమం సూచించింది.

స్కాన్‌లో కనిపించిన మార్పే నొప్పికి కారణమని చెప్పలేకపోవడమే ఇక్కడ అసలు చిక్కు. నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీసి, 1994లో ప్రచురించిన అధ్యయనంలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బినట్టు తేలింది. డిస్క్‌లన్నీ సాధారణంగా ఉన్నవారు 36 శాతమే. నొప్పి లేని 3,110 మంది వివరాలను క్రోడీకరించిన 2015 నాటి సమీక్ష ప్రకారం, డిస్క్ అరుగుదల 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి ఉంటుంది. ఒక రకంగా ఇది జుట్టు నెరవడం లాంటిదే. మోకాళ్ల పరిస్థితీ ఇంతే. 2008లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మోకాలి మెనిస్కస్ చిరిగినట్టు ఎంఆర్‌ఐలో తేలిన వారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో ఆ కాలిలో నొప్పిగానీ, బిగుసుకుపోవడంగానీ లేవు.

అయినా రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అన్న మాట చూడగానే వెన్ను పాడైపోయిందని భయపడి నడక, పనులు మానేసేవారు ఎందరో. కదలిక తగ్గితే కోలుకోవడం ఆలస్యమవుతుంది. ఒక స్కాన్ మరో పరీక్షకు, ఇంజెక్షన్‌కు, ఒక్కోసారి అక్కరలేని శస్త్రచికిత్సకు దారి తీస్తుంది. ఎంఆర్‌ఐలో రేడియేషన్ ఉండదు. ఎక్స్‌రే, సీటీలలో ఉంటుంది. భారత్‌లో ఖర్చు చాలావరకు రోగి జేబు నుంచే పోతుంది. పరీక్షలకు పంపినందుకు వైద్యులు కమీషన్ తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య నైతిక నిబంధనలు నిషేధించాయి.

అయితే కొన్ని లక్షణాలుంటే ఆరు వారాలు ఆగరాదు. జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, పెద్ద దెబ్బ తగలడం వీటిలో ముఖ్యమైనవి. క్షయ విస్తృతంగా ఉన్న భారత్‌లో వెన్నెముక క్షయను తప్పక అనుమానించాలి. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలతో నెలల తరబడి వేధించే వెన్నునొప్పిని కేవలం ‘వాతం’గా కొట్టిపారేయడం ప్రమాదకరం. మూత్రం బిగుసుకుపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, కాళ్ల బలహీనత పెరుగుతున్నా అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటివారికి ఎంఆర్‌ఐలో కొన్ని గంటల ఆలస్యమైనా శాశ్వత నష్టం జరగవచ్చు.