ఉపగ్రహం తప్పును దిద్దిన తీరపు రేడియో

1934 మే 15. న్యూయార్క్ వస్తున్న ఒలింపిక్ ఓడ, అదే టైటానిక్‌కు అక్క, దట్టమైన పొగమంచులో నాంటకెట్ దీపనౌక (దీపస్తంభంలా దారి చూపే నౌక) పంపే రేడియో కూతను పట్టుకుని నడుస్తోంది. ఆ కూత వెంటే వెళ్లి చివరికి దీపనౌకనే గుద్దేసింది. అందులో ఉన్న 11 మందిలో ఏడుగురు పోయారు. రేడియో దిక్కు సరిగ్గానే చూపింది. ఇంకా ఎంత దూరం ఉందో మాత్రం దానికి తెలియదు.

ఇలా కూతతో దిక్కు చూపే రేడియో బీకన్లు అమెరికా తీరంలో 1921లో మొదలయ్యాయి. జీపీఎస్ రాకతో వాటి పని అయిపోవాల్సిందే. కాకపోవడానికి కారణం, జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పు. శత్రువు వాడుకుంటాడన్న భయంతో అమెరికా రక్షణశాఖ పౌరులకిచ్చే సంకేతాన్ని కొంత చెడగొట్టేది. దాంతో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. నడిసముద్రంలో అదొక లెక్క కాదు కానీ, ఇరుకైన రేవు కాలువలో ఓడ ఒడ్డెక్కడానికి అంత తేడా చాలు.

విరుగుడు తేలికైనదే. కచ్చితంగా కొలిచిన చోట ఒక రిసీవరు పెడతారు. తానున్న చోటు ముందే తెలుసు కనుక, ఏ ఉపగ్రహం ఎన్ని మీటర్లు తప్పు చెబుతోందో అది లెక్కగడుతుంది. చుట్టుపక్కల ఓడలకూ దాదాపు అదే తప్పు వస్తుంది కాబట్టి ఆ లెక్క వాటికి చేరితే చాలు. చేర్చేదెలా? తీరం పొడుగునా బీకన్లు ఉండనే ఉన్నాయి. 300 కిలోహెర్ట్జ్ దగ్గరి వాటి తరంగాలు సముద్రాన్ని అంటిపెట్టుకుని, దిగంతం దాటి పోతాయి. ఆ ప్రసారంలోనే అంకెలు కలిపారు. వేగం సెకనుకు 100 నుంచి 200 బిట్లు. కంప్యూటర్లో ‘తెలుగు’ అన్న మాట 144 బిట్లు. 100 బిట్ల వేగంతో ఆ ఒక్క మాట చేరడానికే సెకనున్నర పడుతుంది. దిద్దుబాటు లెక్కలకు ఆ నత్తనడకే సరిపోయింది.

అమెరికా కోస్ట్‌గార్డ్ ఈ సేవను 1996లో మొదలుపెట్టి 1999కి పూర్తిస్థాయికి తెచ్చింది. హామీ 10 మీటర్లే అయినా, కేంద్రానికి దగ్గర్లో తేడా ఒకటి నుంచి మూడు మీటర్లకు దిగేది. రక్షణశాఖ ఆకాశంలో కలిపిన తప్పును కోస్ట్‌గార్డ్ ఒడ్డున కూర్చుని తీసేసిందన్నమాట. రెండు పనులకూ డబ్బిచ్చింది ఒకే ఖజానా!

నేలమీద ఎఫ్ఎం రేడియో కూడా ఈ పనికొచ్చింది. కారు రేడియోలో స్టేషను పేరు చూపించే సమాచారం, చెవికి వినిపించని 57 కిలోహెర్ట్జ్ ఉపవాహకం మీద వస్తుంది. స్వీడన్‌లో దిద్దుబాట్లను దానిమీదే ఎక్కించారు. మన దేశపు దీపస్తంభాల శాఖ కూడా తీరం వెంబడి ఇలాంటి దిద్దుబాటు బీకన్ కేంద్రాలు నడిపింది.

2000 మే 1 అర్ధరాత్రి క్లింటన్ ప్రభుత్వం ఆ కావాలని కలిపే తప్పును ఆపేసింది. తర్వాత దిద్దుబాట్లు కూడా ఉపగ్రహాల నుంచే రాసాగాయి. అమెరికాలో వాస్, మన దగ్గర విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి తెచ్చిన గగన్ అలాంటివే. 2020 జూన్ 30న అమెరికా తన చివరి దిద్దుబాటు కేంద్రాలను మూసేసింది. 1921లో మొదలైన ఆ కూతకు అప్పటికి నిండు నూరేళ్లకు ఒక్క ఏడాది తక్కువ.