మాలపల్లి: పిల్లల చూపు

కులము పుట్టుకతో వచ్చునని పెద్దలందురు. కులద్వేషము మాత్రము పుట్టుకతో రాదు. దానిని ఇంట నేర్పుదురు. మా నల్లరేగడి సీమలో పత్తి తీయువారు, మిరపకాయ కోయువారు ఏ పల్లెవారో పసిబిడ్డ యెరుగదు. వారిని వాకిట నిలిపి దోసిట నీళ్లు పోయుట చూచిననాడు ఎరుగును.

హార్పర్ లీ యను అమెరికా రచయిత్రి 1960లో ప్రకటించిన నవలలో, నేరము చేయని నల్లజాతివానిని న్యాయస్థానము దోషిగా నిర్ణయించుట ఒక చిన్న బాలిక కన్నులతో చూతుము. అట్టి గ్రంథమునకై మనము సముద్రములు దాటనక్కఱలేదు. గుంటూరు మండలమువారైన ఉన్నవ లక్ష్మీనారాయణగారు కారాగారమున వ్రాసిన 'మాలపల్లి' 1922లోనే వెలువడెను. అందు మాలపల్లెలోని సంగదాసును, భూస్వామి చౌదరయ్య కుమారుడు రామానాయుడును మిత్రులు. కూలివారు న్యాయమైన కూలి యడిగిన తగవులో చౌదరయ్య సంగదాసును గడ్డపలుగుతో కొట్టి చంపెను. తండ్రికి అతడు ఎదురుతిరిగిన కూలివాడు, కుమారునికి ప్రాణస్నేహితుడు. ఒకే యింట రెండు చూపులు!

మద్రాసు ప్రభుత్వము ఈ గ్రంథమును 1923లో నిషేధించెను. 1928లో కొన్ని భాగములు తొలగించి ప్రకటింపనిచ్చి, 1936లో మరల నిషేధించెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఆ యాజ్ఞను రద్దుచేసెను.

ఇది కల్పనయే కదా యనువారికి జాషువాగారి బాల్యము సమాధానము. 1895లో వినుకొండలో జన్మించిన ఆ కవి చిన్ననాడే కులము పేర అవమానములు పొందిరి. ఆ గాయము మానలేదు. 1941 నాటి 'గబ్బిలము'లో, కోవెలలో అడుగిడరాని నిఱుపేద, అందు అడ్డులేక తిరుగు గబ్బిలముచేత శివునికి తన మొర నంపుకొనును.

1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. అయినను 1985 జూలైలో, నాటి ప్రకాశము జిల్లా కారంచేడులో, మాదిగలు త్రాగు చెరువునీటిని పశువుల కుడితితో మురికిచేయవలదన్నందుకు తగవు పుట్టెను. మరునాడు, 17వ తేదీన, ఆరుగురు మాదిగలు హతులైరి. త్రాగునీటిని మురికిచేయు తెగువ ఆ చేతికి ఎవరు నేర్పిరి? శాసనము నేర్పలేదు, ఇల్లే నేర్పినది.

చదువరులారా! మన పొలమునకు కూలికి వచ్చిన వృద్ధుని మన బిడ్డలు ఏమని పిలుచుచున్నారో ఒకమాఱు వినుడు. తాతవంటివానిని "ఏరా" యనుట వారు ఎవరి నోట నేర్చిరి? 'మాలపల్లి'ని బిడ్డలచేత చదివించుట మంచిదే. అంతకు ముందు ఆ పిలుపు మన నోట మానవలెనని మేము కోరుచున్నాము.